రెండు మంచాల నడుమ నేను

నేను ఒక సందు దిండుని. ఆగండి, అప్పుడే నవ్వకండి! నా పేరు మీరు ఏ దుకాణంలోనూ విని ఉండరు, ఎందుకంటే నన్ను ఏ దుకాణంలోనూ అమ్మరు. తల కింద పెట్టుకునే దిండుని కాను, కాళ్ళ కింద పెట్టుకునేదాన్నీ కాను, సోఫాలో కూర్చుని సోకులు పోయే కుషన్‌ని అసలే కాను. రెండు సింగిల్ మంచాలు పక్కపక్కన జరిపి వేస్తే మధ్యలో ఒక సందు మిగులుతుంది చూశారా, అదిగో, ఆ సందులో దూరి కూర్చునే పొడుగాటి గట్టి దిండుని నేను. లావు మనిషి తొడంత, పొడవు మంచమంత. పైన దుప్పటి కప్పాక చూస్తే చిన్న గట్టులా కనిపిస్తాను, అంతే. కానీ ఆ గట్టుకి అటూ ఇటూ, ఒక్కోసారి సరిగ్గా ఆ గట్టు మీదే, ఒక కుటుంబం కుటుంబమంతా ఏళ్ళ తరబడి నిద్రపోయింది. నాకు తెలియని రహస్యం ఆ ఇంట్లో లేదు. మధ్యలో ఉండేవాళ్ళకి అన్నీ వినిపిస్తాయి మరి!

నేను పుట్టింది విశాఖపట్నంలో, గోపాలపట్నంలో ఒక మేడ మీది పోర్షన్‌లో. నన్ను పుట్టించింది రత్నం. రత్నం చీరలకి ఫాల్స్ కుడుతుంది, పికో చేస్తుంది. ఆ వీధిలో ఎవరు కొత్త చీర కట్టాలన్నా అది ముందు రత్నం మిషన్ కింద నుంచి రావాల్సిందే. ఆమె భర్త పైడిరాజు ఒక ఫ్యాక్టరీకి షిఫ్ట్ బస్సు నడుపుతాడు. వాళ్ళకి రెండు మంచాలు. ఒకటి పైడిరాజు పెళ్ళికి ముందు ఒక్కడే గదిలో ఉన్నప్పుడు కొనుక్కున్న ఇనప మంచం. రెండోది రత్నం అమ్మగారింట్లో ఎక్కువై ఇచ్చేసిన చెక్క మంచం. చెక్కది వేలెడు ఎత్తు ఎక్కువ, కాస్త వెడల్పు కూడా. ఆ వేలెడు ఎత్తు చూసుకుని దానికి ఎంత టెక్కో! ఇనప మంచం మాత్రం పాపం ఎవరు ఎక్కినా కిర్రుమని పలకరించేది.

పిల్ల పుట్టాక రెండు మంచాలూ కలిపేశారు. పిల్ల పేరు మోక్షిత. అది పాకే వయసులో ఒక మధ్యాహ్నం రత్నం దాన్ని సరిగ్గా మధ్యలో పడుకోబెట్టి, కుక్కర్ దించడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. వచ్చేసరికి పిల్ల లేదు! మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది, చీరల మూటలన్నీ ఎత్తి చూసింది, మెట్ల దాకా పరుగెత్తి వీధి వీధంతా వినపడేలా కేకేసింది. పక్కింటావిడ, కిందింటావిడ, కూరగాయలవాడు, అందరూ పైకి వచ్చేశారు. అందరూ గదిలో నిలబడి తలా ఒక మాట అంటుంటే మంచం లోపలి నుంచి కిలకిలమని నవ్వు. చూస్తే ఏముంది, పిల్ల దుప్పటితో సహా రెండు మంచాల సందులోకి జారిపోయి, ఉయ్యాల్లో ఉన్నట్టు వేలాడుతూ, దుప్పటి అంచు నములుతోంది! సాయంత్రం పైడిరాజు విని పడీ పడీ నవ్వాడు. తర్వాత ఆ సందులోకి తన చెయ్యి పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే నేను పుట్టాను. పైడిరాజు పాత ఖాకీ ప్యాంటు కాళ్ళు రెండూ కత్తిరించి, ఒకదానికొకటి చివర కలిపి గొట్టంలా కుట్టింది రత్నం. లోపల బూరుగు దూది, అది చాలకపోతే ఫాల్స్ కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలు. ఎరుపు, నీలం, చిలకాకుపచ్చ, ఉల్లిపొర రంగు! అంటే బయటికి డ్రైవర్ గారిని, లోపల ఆ వీధి ఆడవాళ్ళందరి పెళ్ళి చీరలూ నేనే! పైడిరాజు నన్ను సందులో దూర్చి, రెండు మంచాల కాళ్ళూ నైలాన్ తాడుతో కలిపి కట్టాడు. కుర్రతనంలో బస్సు టాప్ మీద సామాన్లు కట్టేవాడట. అరకు ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగినా ఊడని ముడి అది అని చెప్పుకుని మురిసిపోయాడు. ఆ ముడి సంగతి మళ్ళీ వస్తుంది, చూడండి ఎంత గొడవైందో.

తర్వాత తేజేష్ పుట్టాడు. నలుగురయ్యారు. పిల్లలు పెరిగారు. అందరూ అడిగేవాళ్ళు, ఇంకెప్పుడు వేరే పడుకోబెడతారు అని. ఇదిగో ఏడాది వస్తే, అదిగో బడి మారితే అంటూ ఏళ్ళు గడిచిపోయాయి. మోక్షిత ఏడో తరగతికి వచ్చింది, తేజేష్ నాలుగుకి. అయినా నలుగురూ అక్కడే! గోడ వైపు తేజేష్, వాడి పక్కన మోక్షిత, నా మీద రత్నం, అటు చివర కాళ్ళు ముడుచుకుని పైడిరాజు.

ఎందుకు అని మీరు అడగొచ్చు. నేను చెబుతాను, ఎందుకంటే అది వాళ్ళలో ఎవరికీ పూర్తిగా తెలియదు, నాకే తెలుసు!

పైడిరాజుది షిఫ్టుల ఉద్యోగం. ఒక వారం ‘ఎ’ షిఫ్ట్, అంటే పిల్లలు లేవకముందే వెళ్ళిపోతాడు. ఒక వారం బి షిఫ్ట్, అంటే పిల్లలు పడుకున్నాక వస్తాడు. ఒక వారం సి షిఫ్ట్, అంటే రాత్రంతా బస్సులోనే, పొద్దున్న వీళ్ళు స్కూలుకి బయల్దేరుతుంటే వస్తాడు. అప్పుడు ఏం చేసేవాడో తెలుసా? స్నానం చేసి, టిఫిన్ తిని, పిల్లలు అప్పుడే లేచి వెళ్ళిన చోట, ఆ వెచ్చదనం ఇంకా పోకుండా గబగబా వెళ్ళి పడుకునేవాడు. ఒకసారి తేజేష్ పడుకున్న చోట, ఒకసారి మోక్షిత పడుకున్న చోట. పడుకుని చేత్తో ఆ పరుపు నిమిరేవాడు. నేను చూశాను. పిల్లలతో ఆయనకి ఉన్న భేటీ అదే. ఈ సంగతి మోక్షితకి కూడా తెలుసు. ఒకరోజు పుస్తకం మర్చిపోయి వెనక్కి వచ్చి గుమ్మంలోంచి చూసింది. మునివేళ్ళ మీద నడిచి పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

అదే ఆ పిల్లకి వచ్చిన చిక్కు! ఎందుకంటే మోక్షితకి సొంత మంచం కావాలి. ఎంతగా కావాలంటే, ఎవరూ ఇంట్లో లేనప్పుడు ఒక్కతే మంచం మీద మూల నుంచి మూలకి పడుకుని, చేతులు రెండూ బార్లా చాపి, కళ్ళు మూసుకుని నవ్వుకునేది. తేజేష్ నిద్రలో క్రికెట్ ఆడతాడు, బౌండరీ కొట్టిన ప్రతిసారీ దెబ్బ అక్క పొట్ట మీద. అటు తిరిగితే తమ్ముడు, ఇటు తిరిగితే నేను. స్కూలు ఆటోలో ఎవరో "మీ రూమ్ ఏ కలర్?" అని అడిగితే "బ్లూ" అని చెప్పేసిందట. ముందు గది ఉంది వాళ్ళకి, వీధి వైపు కిటికీ ఉన్న చిన్న గది. కానీ దాని నిండా రత్నం చీరల మూటలు. అందులో గోడలు నిజంగానే నీలం రంగు, మూటల వెనక నుంచి కొంచెం కొంచెం కనిపిస్తాయి.

అడిగేయొచ్చు కదా! అడగదు. నాన్న ఉండలేరు అనుకుంటుంది. ఇక రత్నం ఏమనుకుంటుందంటే, పిల్లలు ఉండలేరని. పైడిరాజు ఏమనుకుంటాడంటే, రత్నం ఉండలేదని, పిల్లలు పక్కన లేకపోతే దానికి నిద్ర పట్టదని. ముగ్గురూ ఒకరి కోసం ఒకరు నడుములు వంచుకుని, కాళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి పడుకుంటున్నారు. మధ్యలో నేను! నాకు నోరుంటేనా, ఆ రోజే గదిలో మైకు పెట్టి చెప్పేసేదాన్ని.

అలాంటి ఇంటికి చీపురుపల్లి నుంచి పైడిరాజు అప్ప వరహాలమ్మ దిగింది. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. పిల్లలకి మేనత్త. కంటికి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు తమ్ముడింట్లో ఉండిపోదామని వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే గదిలోకి తొంగి చూసి, దుప్పటి కింద వరసగా ఉన్న కాళ్ళు చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఓలమ్మో! ఇదేటి రత్నం, ఈ వయసు గుంటలు ఇంకా అమ్మా అయ్యా పక్కనేటి? ఊళ్ళో ఎవురైనా ఇంటే నవ్వరేటి?"

"పిల్లలు ఉండలేరు వదినా," అంది రత్నం, ఫాల్ పెట్టే చీర ఇస్త్రీ చేస్తూ.

"ఉండలేకపోడానికి ఆళ్ళేటి పాలు తాగే గుంటలా? ఆడపిల్ల ఎదుగుతోంది. రేపో మాపో పెద్దదయితే నువ్వు ఏరే కూకోబెట్టాలా లేదా? అప్పుడెలాగూ తప్పదు."

మోక్షిత ఈ మాట విన్నది. తల దువ్వుకుంటున్నదల్లా దువ్వెన ఆపేసింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు, ఎందుకంటే అప్పుడు నా మీదే కూర్చుని ఉంది. కోపంతో ఆ పిల్ల వీపు బిగుసుకుపోయింది. వెళ్ళడం తనకి ఇష్టమే. కానీ ఎవరో పక్కకి జరిపితే వెళ్ళడం వేరు, తనంతట తాను వెళ్ళడం వేరు! అత్త చెప్పిందని, ఏదో అయ్యిందని, తీసి అవతల కూర్చోబెడితే అది తన మంచం ఎలా అవుతుంది? వెళ్తే ముందే వెళ్ళాలి. తనే వెళ్ళాలి. అంతే, ఆ పిల్ల నిర్ణయించేసుకుంది.

ఆదివారం వచ్చింది. రత్నం కుట్టిన చీరలు ఇచ్చి రావడానికి వీధిలోకి వెళ్ళింది. తేజేష్ బ్యాట్ పట్టుకుని పోయాడు. వరహాలమ్మ డాబా మీద చింతపండు పిక్కలు తీస్తోంది. పైడిరాజు సి షిఫ్ట్ నుంచి ఇంకా రాలేదు. మోక్షిత దుప్పటి తీసింది, పరుపులు మడిచింది, నన్ను పైకి లాగి నేల మీద పెట్టింది, మంచాల కాళ్ళ దగ్గర కూర్చుని ముడి విప్పడం మొదలెట్టింది. వేళ్ళతో లాగింది, పళ్ళతో లాగింది, చెంచా కాడతో పొడిచింది. అరకు ఘాట్ ముడి! కదిలితేనా? అప్పుడు చేసింది చూడండి, ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా చేయకూడని పని. మిషన్ సొరుగు తీసి రత్నం కత్తెర పట్టుకొచ్చింది.

ఆ కత్తెర గురించి మీకు తెలియదు. దాన్ని గుడ్డకి తప్ప దేనికీ వాడకూడదు. కాగితం కోయకూడదు, పాల ప్యాకెట్ కోయకూడదు, పైడిరాజు ఒకసారి మీసం కత్తిరించుకున్నందుకు రెండు రోజులు ఆయనకి వేడి అన్నం దొరకలేదు. అలాంటి కత్తెరతో నైలాన్ తాడు! కరకర కరకర కోస్తోంది పిల్ల, చెమటలు కారుతున్నాయి, ఒక్కో పోగూ తెగుతోంది. నాకైతే గుండెలు అదిరిపోతున్నాయి, ఉంటే! చివరి పోగు తెగింది. చెక్క మంచం ఒకవైపు, ఇనప మంచం ఒకవైపు జరిగాయి. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి నా సందు వెడల్పయింది, లోపలి నుంచి ఒక రబ్బరు, రెండు పిన్నీసులు, ఎప్పుడో పోయిన తేజేష్ బొమ్మ కారు బయటపడ్డాయి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో రత్నం.

"ఒలే మోక్షీ! ఏటే ఆ చేతిలో?"

"తాడమ్మా..."

"తాడున్న చెయ్యి కాదే, రెండో చెయ్యి. అది నా కత్తెరేనా? నిజం చెప్పు, నా కత్తెరేనా?"

మంచాలు విడిపోయిన సంగతి ఆమెకి కనిపించనే లేదు! కత్తెర లాక్కుని వేలితో అంచు తడిమి, "పోయింది. మొద్దయిపోయింది. ఇంక పట్టు చీర దీనికి తెగుతుందేటే?" అని ఏడుపు ముఖం పెట్టింది. ఆ కేకలకి చింతపండు చేతులతో వరహాలమ్మ దిగొచ్చింది. ఆమెకి మాత్రం కత్తెర కనిపించలేదు, మంచాలే కనిపించాయి.

"సూసినావా రత్నం! నాను సెప్పలేదేటి? గుంటకే సిగ్గేసింది! గుంటకున్న పాటి గేనం పెద్దోళ్ళకి లేదు."

"సిగ్గేసి కాదత్తా!" మోక్షిత లేచి నిలబడింది.

"మరెందుకే?"

"నాకు నా మంచం కావాలి. నాదే. నాకోసం."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. చేతిలో క్యారేజీతో, ఎర్రబడ్డ కళ్ళతో పైడిరాజు. విడిపోయిన మంచాలు చూశాడు, తెగిన తాడు చూశాడు, కూతుర్ని చూశాడు. మోక్షిత అంతదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

"నువ్వు ఉండలేవని చెప్పలేదు నాన్నా. నువ్వు పొద్దున్న వచ్చి మా చోట్లో పడుకుంటావు కదా. నేను లేకపోతే నీకు ఎలా అని..."

"నేను ఉండలేనని ఎవరు చెప్పేరే?" అన్నాడు పైడిరాజు, క్యారేజీ కింద పెడుతూ. "మీ అమ్మ కదే ఉండలేంది!"

"నేనా?" రత్నం కత్తెర దించింది. "నేను పిల్లల కోసం కదా! పదేళ్ళ పై నుంచి ఆ గట్టు మీద నడుం పెట్టుకుని పడుకుంటున్నది ఎవరి కోసం మరి?"

"మరి నేను కాళ్ళు ముడుచుకుని బస్సు సీట్లో పడుకున్నట్టు పడుకుంటున్నది ఎవరి కోసం?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు రత్నానికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కత్తెర గుర్తుకి తెచ్చుకుని కోపం తెచ్చుకుందామని చూసింది, కుదరలేదు. పైడిరాజు గోడకి ఆనుకుని నవ్వాడు. నేను నేల మీద పడి ఉన్నాను కానీ లోపల చీర పీలికలన్నీ గంతులేస్తున్నాయి. చెప్పాను కదా, నాకు ముందే తెలుసని! అప్పుడే ఆట నుంచి వచ్చిన తేజేష్ సంగతి విని, బ్యాట్ గుండెలకి హత్తుకుని, "నేను మాత్రం వెళ్ళను. నాకు నిజంగానే భయం," అన్నాడు. ఆ ఇంట్లో మొదటినుంచీ నిజం చెప్పినవాడు వాడొక్కడే.

నవ్వులు అయిపోయాయి. అందరూ ఒప్పేసుకున్నారు. కానీ నేను పైడిరాజు చేతిని చూశాను. ఇనప మంచం మీద కూర్చుని, మోక్షిత పడుకునే పరుపుని ఎప్పటిలాగే నిమురుతున్నాడు. నేను ఉండలేనని ఎవరు చెప్పేరే అన్నాడు కదా, ఆ మాటలో సగమే నిజం. మోక్షిత కూడా ఆ చేతినే చూస్తోంది.

ఇంక వరహాలమ్మ గొడవ మొదలైంది. ఇనప మంచం ముందు గదిలోకి తీసుకెళ్ళి, మూటలు ఒక గోడ వారగా పేర్చి, మోక్షితకి పక్క వేస్తుంటే ఆవిడ తన చాప తెచ్చి ఆ పక్కనే పరిచేసింది!

"ఇదేటప్పా?" అన్నాడు పైడిరాజు.

"ఆడపిల్ల ఒక్కత్తీ ఈది గదిలో పడుకుంటాదేటి? నాను తోడు పడుకుంటాను."

"వేరే పడుకోవాలని నువ్వే కదత్తా అన్నావు!" అంది మోక్షిత.

"అమ్మా అయ్యా పక్కన పడుకోకూడదన్నాను గానీ, ఒక్కదాన్నీ పడుకోమన్నానేటి? ఆ మాట నాను ఎప్పుడన్నాను?"

చూశారా మనుషుల లెక్క! కలిసి పడుకుంటే తప్పు, ఒంటరిగా పడుకుంటే ఇంకా తప్పు. చివరికి ఒప్పందం కుదిరింది. మోక్షిత తెల్లారేదాకా ఒక్కతే ఆ గదిలో పడుకుంటే సరే. మధ్యలో లేచి వచ్చేసిందా, ఇక అత్త చాప ఆ గదిలో ఎప్పటికీ ఉంటుంది. అత్త చీపురుపల్లి వెళ్ళినా మళ్ళీ వచ్చినప్పుడల్లా ఉంటుంది. అత్త గురక ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు, కిందింటివాళ్ళకి కూడా తెలుసు.

మర్నాడు పొద్దున్న రత్నం లేచి చూసేసరికి మోక్షిత చెక్క మంచానికి కాళ్ళ వైపు అడ్డంగా, పిల్లిలా ముడుచుకుని నిద్రపోతోంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. వరహాలమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. చాప ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మోక్షిత ఆ రోజంతా ముందు గది వైపే వెళ్ళలేదు. అన్నం కూడా కెలికి వదిలేసింది. నాకు ఎంత బాధేసిందంటే, నా దూది అంతా ఒకవైపు గడ్డ కట్టినట్టయింది. మళ్ళీ నన్ను సందులో పెట్టేస్తారు, మళ్ళీ తాడు కట్టేస్తారు అనిపించింది. నా ఉద్యోగం నాకు తిరిగొస్తుంది, నిజమే. కానీ నాకు అక్కర్లేదు! ఆ పిల్ల గెలవాలి, అంతే!

సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు పైడిరాజు కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఏటి భయమేసింది?"

"మూటలు," అంది మోక్షిత చాలా చిన్నగా. "తెల్ల గుడ్డ చుట్టి ఉంటాయి కదా. లైటు తీసేస్తే మనుషులు కూర్చున్నట్టు ఉంటాయి. అందరూ నన్నే చూస్తున్నట్టు."

పైడిరాజు నవ్వలేదు. "నాకూ అంతేనే. అందర్నీ దింపేశాక ఖాళీ బస్సు డిపోకి తోలుకెళ్ళాలి. అద్దంలో చూస్తే వెనక అన్నీ ఖాళీ సీట్లు. కొత్తలో ఒళ్ళు జలదరించేది. తర్వాత ఏం చేశానో తెలుసా? సీట్లకి పేర్లు పెట్టేశాను. అది సూపర్‌వైజర్ గారి సీటు, అది పళ్ళు ఎత్తుగా ఉండే వెల్డర్‌ది, అది ఎప్పుడూ నిద్రపోయే స్టోర్ గుమాస్తాది. అద్దంలో చూసి గుడ్‌నైట్ చెప్పేవాణ్ణి. తెలిసినోళ్ళు కూర్చుంటే భయమేటి?"

మోక్షిత లేచి ముందు గదిలోకి వెళ్ళింది. ఫాల్స్ కుట్టే ఇంటి పిల్ల కదా, ఏ మూట ఎవరిదో దానికి వాసన చూసి చెప్పగలదు. "ఇది కిందింటి ఆంటీది. ఇది గాజుల కొట్టు ఆవిడది, అన్నీ చిలకాకుపచ్చే కొంటుంది. ఈ పెద్దది ట్యూషన్ టీచర్‌ది. అబ్బో, ఆవిడ కూర్చుంటే గదిలోకి దెయ్యం కూడా హోంవర్క్ చేయకుండా రాదు!" నాన్నా కూతుళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. మోక్షిత వెళ్ళి అత్త చాప చుట్టేసి, చేతుల్లో పెట్టేసింది. "ఇంకొక్కసారత్తా. ఒక్కసారే."

"సరేలే," అంది వరహాలమ్మ. "నాకేటి. నడుం నొప్పిగా ఉంది, రత్నం పక్కన మంచం మీద పడుకుంటాను."

పక్క వేస్తూ రత్నం నన్ను తెచ్చింది. అలవాటైన దిండు పక్కన ఉంటే పిల్లకి ధైర్యంగా ఉంటుందని గోడ వైపు ఆనించి పెట్టింది. తల్లి మనసు! మోక్షిత ఒకసారి నా మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం అలాగే ఉంచింది.

"వద్దమ్మా. ఇది పెడితే నాకు చోటేదీ?"

అని నన్ను ఎత్తి అవతలకి విసిరేసింది! నేను గాల్లో ఒక పల్టీ కొట్టి మూటల మధ్యలో, ట్యూషన్ టీచర్ ఒళ్ళో పడ్డాను. మీకు జాలేసిందా? వద్దు, వద్దు! నా జీవితంలో నేను అంత ఎత్తుకి ఎప్పుడూ ఎగరలేదు. ఏ పిల్ల జారిపోకుండా ఉండాలని నన్ను పుట్టించారో ఆ పిల్లే నన్ను తీసి అవతల పారేసింది. దిండ్ల లోకంలో ఎవరికైనా ఇలాంటి పతకం దొరికిందా?

తెల్లారింది. కిటికీలోంచి ఎండ వచ్చి నీలం గోడ మీద పడింది. నేను పడ్డచోటు నుంచి మంచం పూర్తిగా కనిపిస్తోంది. మోక్షిత అక్కడే ఉంది. ఎలా ఉందనుకున్నారు? మూల నుంచి మూలకి! ఒక చెయ్యి ఇటు వేలాడుతోంది, ఒక కాలు అటు వేలాడుతోంది, దుప్పటి నేల మీద, జుట్టంతా ముఖం మీద, నోరు తెరుచుకుని, మహారాణిలా! రత్నం పాల ప్యాకెట్ పట్టుకుని తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పరుగెత్తింది, వదినకి చూపిద్దామని. కానీ ఆ వదిన లేస్తేనా! చెక్క మంచం మీద వరహాలమ్మ వెల్లకిలా పడి గుర్రుపెడుతోంది, పొట్ట మీద తేజేష్ కాలు, ఆ కాలిని రెండు చేతులా పట్టుకుని ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదని తర్వాత తనే ఒప్పుకుంది. చాప విషయం మళ్ళీ ఎత్తలేదు, చీపురుపల్లి ప్రయాణం విషయం కూడా ఎత్తలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పైడిరాజు గుమ్మం దగ్గర ఆగాడు. క్యారేజీ చేతిలోనే ఉంది. వస్తూ వస్తూ దారంతా ఏమనుకున్నాడో నాకు తెలియదు, కానీ అతని కళ్ళు ముందు ఆ మంచం మీదే పడ్డాయి. చప్పుడు చేయకూడదని గాలి పీల్చడం కూడా ఆపేశాడు. అయినా మోక్షిత కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం ఎక్కడున్నానా అన్నట్టు చూసింది. గుర్తొచ్చింది. ఆ ముఖంలో వెలుగు చూడాలి మీరు!

"నాన్నా! నేను ఎక్కడికీ వెళ్ళలేదు! తెల్లారిపోయింది, చూడు, నేను ఇక్కడే ఉన్నాను!"

"ఉన్నావే! ఉన్నావు!" అంటూ పైడిరాజు రెండడుగుల్లో మంచం దగ్గరికి వచ్చి కూర్చోబోయాడు.

"ఆగు!" మోక్షిత లేచి కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది. "కాళ్ళు కడుక్కున్నావా?"

పైడిరాజు కిందికి చూసుకున్నాడు. రాత్రంతా బ్రేకులూ క్లచ్చులూ తొక్కిన కాళ్ళు.

"ఇది నా మంచం నాన్నా. కాళ్ళు కడుక్కొచ్చి కూర్చో."

సొంత ఇంట్లో కూతురు మంచం దగ్గర ఆపేస్తే ఏ తండ్రికైనా ఏమనిపిస్తుందో నాకు తెలియదు. పైడిరాజు మాత్రం నవ్వుకుంటూ వెళ్ళి, మోకాళ్ళ దాకా కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పెళ్ళివారింటికి వచ్చిన చుట్టంలా వచ్చి నిలబడ్డాడు. మోక్షిత దుప్పటి సర్ది, పక్కకి జరిగి, చేత్తో చోటు చూపించింది. "ఇలా కూర్చో. ఆ మూటల మీద దిండు పడి ఉంది చూడు, నడుముకి పెట్టుకో." అలా నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది!

తర్వాత ఏం జరిగిందో తెలుసా? మాట్లాడుకున్నారు! ఇన్నేళ్ళూ ఒకే మంచం మీద పడుకున్నారు కదా, ఒకరు లేస్తుంటే ఒకరు పడుకోవడం తప్ప ఎప్పుడు మాట్లాడుకున్నారు? ఒకరి వెచ్చదనం ఒకరికి దొరికింది కానీ ఒకరి కబురు ఒకరికి దొరకలేదు. పైడిరాజు చెప్పాడు, సముద్రం ఒడ్డు రోడ్డు మీద మంచు ఎలా దిగుతుందో, లోపల లంగరేసిన ఓడల దీపాలు ఎలా వరసగా కనిపిస్తాయో, ఒకరోజు బస్సు ముందు నుంచి నక్క ఒకటి తాపీగా వెనక్కి వెనక్కి చూసుకుంటూ ఎలా దాటిందో. మోక్షిత మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింటోంది. "నక్కా! నిజం నక్కే? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" "ఎప్పుడు చెప్పమన్నావే, నువ్వు నిద్రపోతుంటే!" ఆయన వీపు వెనక నేను, ఆ మాటలు గుండెల్లోంచి పుట్టి గుడ్డలోంచి నాలోకి వస్తుంటే, పరుపు నిమరాల్సిన ఆ చెయ్యి గాల్లో నక్క తోక గీస్తుంటే, నేనేం చెప్పను!

"నేనూ! నేనూ ఎక్కుతాను!" తేజేష్ పరుగెత్తుకొచ్చి మంచం పట్టె మీద కాలు పెట్టాడు.

"అడిగి ఎక్కాలి," అంది యజమానురాలు.

వాడు ఆలోచించాడు. కాలు తీశాడు. "అక్కా, ఎక్కొచ్చా?"

"కాళ్ళు?"

"కడుక్కున్నా!"

"సరే. తన్నకూడదు."

వాడు ఎక్కాడు. నక్క కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. టీ గ్లాసులతో వచ్చిన రత్నం గుమ్మంలో నిలబడి ముగ్గుర్నీ చూసింది. మంచం మీద ఇక చీమకి కూడా చోటు లేదు.

"మరి నాకో? నేనూ అడగాలేటే?"

మోక్షిత తల్లిని చూసింది. తమ్ముణ్ణి గోడకి నెట్టింది, నాన్న మోకాళ్ళు జరిపింది, తను ఒక మూలకి ఒదిగి, తన సొంత మంచం మీద, తన చేతుల్తో, సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు చేసింది.

"రా అమ్మా. నువ్వు అడగక్కర్లేదు."

ఇనప మంచం కిర్రుమంది. కింద స్కూలు ఆటో హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఎవరూ లేవలేదు.